తాడు అందుకునేవాణ్ణి

గోపాల్‌పూర్ రేవులో నా పని
ఓడ మీంచి విసిరిన తాడు అందుకుని
ఇనప గుంజకి తగిలించడం.
ఖనిజం ఓడలు, ఎరువుల ఓడలు,
వాటికి ముఖాలుండవు.
మొన్న శుక్రవారం వచ్చినదానికి మాత్రం
మూడు తెరచాప కొయ్యలు,
ముక్కు మీద చెక్క ఆడమనిషి,
ఎండకి పెచ్చులూడిన ఆవిడ బుగ్గ.

ఐర్లండు నుంచట.
నూట డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట
ఆలుగడ్డ మట్టిలోనే కుళ్ళిపోతే
ఆకలితో జనం ఎక్కిన ఓడకి ఇది నకలు.
అసలుది ఏ నీళ్ళ అడుగునుందో.
నకలుకి ఇంజనుంది, మరుగుదొడ్డి ఉంది,
టిక్కెట్టు యాభై.
బరంపురం నుంచి బస్సుల్లో బడిపిల్లలు.
గేటు దగ్గర పాణిగ్రాహి బాబు
"నువ్వు మన మనిషివే, పో" అని లోపలికి తోశాడు.

దిగితే చీకటి. తారు వాసన.
ఆరడుగుల బల్ల మీద నలుగురు,
మైనపు బొమ్మలు.
ఒకామె ఒళ్ళో మైనపు పసివాడు,
మన ఉక్కకి వాడి చెవి కొంచెం జారింది.
గోడ మీద పేర్లు, పక్కన వయసు, పక్కన పని.
ఓనా అనే పిల్ల, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు,
ఒక పేరు మీద వేలు పెట్టింది.
వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మట, ఆ అమ్మమ్మకి చెల్లెలట.
పంతొమ్మిదేళ్ళు. కుట్టుపని.
పాణిగ్రాహి కొడుకు దాన్ని ఒడియాలోకి తిప్పాడు,
నేను తెలుగులోకి తిప్పుకున్నాను.
ఇన్ని చేతులు మారినా
ఆమెకి పంతొమ్మిదేళ్ళే.

"మీ ఊరి నుంచి కూడా వెళ్ళారా?" అనడిగింది.

వెళ్ళారు తల్లీ.
బీచి దగ్గర ఇసకలో మొండి స్తంభాలు చూశావా,
వాటికి చాలా అవతల రంగం ఓడ లంగరేసేది.
ఒడ్డుకి రాదు, మా అలలంటే భయం దానికి.
మా ముత్తాత సూరాడ గడ్డెన్నది
మేకు లేని పడవ, కొబ్బరి నారతో కుట్టిన పలకలు.
అందులో మనుషుల్ని కుక్కి అలలు దాటించేవాడు.
తలకి అణా.
ఆస్కా వాళ్ళు, ఇచ్ఛాపురం వాళ్ళు, కొండల కింది వాళ్ళు,
ఒడియా ఏడుపూ తెలుగు ఏడుపూ
మూడో అల దగ్గరికి
ఒకటే వాంతి అయ్యేవట.

తను మటుకు ఎక్కలేదు.
"అందర్నీ ఎక్కించేవాడు తనూ ఎక్కేస్తే
పడవని ఎనక్కి ఎవడు తెస్తాడ్రా" అనేవాడట.
పేర్లు అడగలేదు.
నారతాడుకి ముడులేశాడు, తలకొకటి.
సాయంత్రం కంపెనీ గుమస్తా ముందు
ముడులు లెక్కబెట్టి అణాలు తెచ్చుకున్నాడు.
ఆ తాడు మా ఇంట్లో చాన్నాళ్ళుండేది.
మా నాయనమ్మ పోలమ్మ
పిల్లికి అందకుండా దానికి
ఎండు నెత్తళ్ళ బుట్ట వేలాడదీసింది.
తుఫాను ఏడు బుట్టా పోయింది, తాడూ పోయింది.
నిజం చెప్పాలంటే
బుట్ట కోసమే ఏడ్చాం.

ఇదంతా చెప్పలేదు.
"ఆఁ" అన్నాను.

పుస్తకం ముందుకు తోసింది, ఏదైనా రాయమని.
నేను చదివింది నాలుగో తరగతి, ఒడియా బడి.
మాట తెలుగు, అక్షరం ఒడియా.
ఆ గుండ్రటి అక్షరాల్లో మా ఇంటి మాటే రాశాను:
"ఈ రేవు నుండి కూడా ఎల్లారు.
పేర్లు తెలవదు. పడవ మాదే."
ఒడియా వాళ్ళు చదవగలరు, అర్థం కాదు.
తెలుగు వాళ్ళకి అర్థమవును, చదవలేరు.
ఐర్లండులో ఎవరైనా తెరిస్తే
వరసగా ముడుల్లా కనిపిస్తుందేమో.

ఆదివారం పోటు మీద బయల్దేరింది.
గుంజ నుంచి తాడు తీయాల్సిందీ నేనే.
కాసేపు, మేస్త్రీ కేకేసేంత సేపు,
చేతిలోనే ఉంచుకున్నాను.
తడి నైలాను. నారలాగ అరచెయ్యి కోయదు.
వదిలేశాను.

రాత్రి డ్యూటీకి ఎరువుల ఓడ ఉంది.