మూడో క

కీళవాసల్‌లో బస్సు దిగాను.
తూర్పు వాకిలి అని అర్థమట. ఇప్పుడక్కడ వాకిలీ లేదు, కోటా లేదు,
కండక్టరు గొంతులో మాత్రం మిగిలింది.
ఇత్తడి బిందెల దుకాణం పక్క సందులో, మిద్దె మీద
మరకతవల్లి గారు.
ఎనభై మూడేళ్లు. ముక్కుకి రెండువైపులా
ఎప్పుడో తీసేసిన బేసరుల చిల్లులు.

నా పని చిన్నది.
ఆవిడ దగ్గరున్న పుస్తకంలో ముప్పై ఒక్క జావళులు,
మాట తెలుగు, లిపి తమిళం.
వాటిని మళ్లీ తెలుగు అక్షరాల్లోకి దించాలి,
పుటకి ఇంతని కూలి.

తమిళంలో క ఒక్కటే.
క, ఖ, గ, ఘ నలుగురూ ఒకే గదిలో అద్దెకుంటారు,
తడితే ఎవరు పలుకుతారో పాడేవాళ్లకి తెలియాలి.
జాగ్రత్తపరులు నెత్తిన చిన్న అంకె వేస్తారు,
రెండైతే ఖ, మూడైతే గ.
ఈ పుస్తకం రాసింది ఆవిడ అమ్మమ్మ అంజుకం.
చిమ్నీ దీపం, తొందర.
అంకెలు ఉన్నచోట ఉన్నాయి.

పదిహేడోది పరజు.
శ్రుతిపెట్టె మీట నొక్కి అందుకున్నారు:
"కోడ దాటి రారా..."
దాటి దగ్గర ఆగి, స్వరాన్ని వేలితో తడిమినట్టు తడిమి,
మళ్లీ దాటి...
జావళి అంటే చెంగున గెంతాలి కదా,
వక్కపలుకు బుగ్గన పెట్టుకుని కన్ను గీటాలి కదా,
ఇదేమిటి,
ఎండిన ఏటి ఇసుకలో కాళ్లు దిగబడుతూ నడిచినట్టు?

"కోడై," అన్నారావిడ. ఎండాకాలం.
"ఎండాకాలం దాటాక రమ్మంటోంది. మెల్లగానే పాడాలి.
చిత్తిరై పోవాలి, వైగాసి పోవాలి, ఆని పోవాలి,
ఆడి నెలకి గానీ కావేరికి నీళ్లు రావు.
అమ్మమ్మ ఈ మాటకి మెడ మీద చెమట తుడుచుకునేది,
ఒక్క తుడుపులో మూడు నెలలూ చూపించేది.
నేనూ ఆడాను, ఒకే ఒక్క ఏడు.
తర్వాత చట్టమొచ్చింది."

నా నోరు ఊరుకుంటే బాగుండేది.
"అమ్మా, కోడ కాదు, గోడ. మీ సువర్.
ఈ రాత్రికే దూకి రమ్మంటోంది.
చూడండి, చరణంలో ఉంది,
అత్త నిదురపోయెరా, అందె తీసినానురా."

ఫ్యాను తిరిగింది.
రక్తపరీక్షల ల్యాబు నుంచి అన్నానికొచ్చిన మనవరాలు ఇళవేనిల్
సాంబారు ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఆ అత్త," అన్నారు చాలాసేపటికి,
"మూడు నెలలూ నిద్రే పోతుందా అని
నాకూ అనుమానంగానే ఉండేది."
ఆ పైన నవ్వు మొదలైంది. నవ్వులోంచి దగ్గు.
పిల్ల ఎంగిలి చేత్తోనే చెంబు అందించింది.
కళ్లు ఒత్తుకుంటూ,
"సువరా! అంత దగ్గరలోనా ఉన్నాడు వాడు!"

వెంటనే పాడారు, తొడ మీద అరచెయ్యి టపటపలాడిస్తూ,
రెండో కాలంలో.
గోడ దాటి రారా గోడ దాటి రారా,
ఆవర్తం సగంలో ఊపిరి అందలేదు.
"వద్దులే. ఇది వేరే ఎవత్తో.
నాకు పరిచయం లేదు."

నా కాగితం లాక్కుని అడిగారు, మీ గ ఎలా ఉంటుంది?
రాసి చూపించాను.
కింద తెరిచిన కమాను, నెత్తిన పిట్టంత తలకట్టు.
కళ్లజోడు ఎత్తి, దించి,
"ఇదెక్కడి గోడ? ఇది వాసల్."

మెట్లు దిగుతుంటే పైనుంచి మళ్లీ అదే పాట,
అంకె లేని అక్షరంతో, మెల్లగా,
మెడ మీద చెమట తుడుచుకునేంత తీరిగ్గా.
నా ప్రతిలో పదిహేడో పుట
మొదటి అక్షరం ఇంకా రాయలేదు.
బిందెల దుకాణంలో ఎవరో పేపరు పైకి చదువుతున్నారు,
మేట్టూరు గేట్లు ఈసారి ఆలస్యమవుతాయట.