అడుగును అడుగు

మూతి చూసి మురిసిపోకు, అనేవాడు నాకు పని నేర్పిన సిరిల్ హింగ్లీ.
గాజు ఏం చెప్పినా అడుగుతోనే చెబుతుంది.
తిరగెయ్. అడుగును అడుగు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే నా పని.
స్టౌర్‌బ్రిడ్జ్ కాలువ పక్కన, చర్చి హాల్లో, నెలకో శనివారం
మడత బల్ల మీద నల్ల వెల్వెట్ గుడ్డ,
ఒక భూతద్దం, ఒక చిన్న ఊదా దీపం,
చల్లారిపోతూ టీ.

జనం తెస్తారు
తువ్వాళ్ళలో చుట్టి, బిస్కెట్ డబ్బాల్లో కుక్కి.
ఒకసారి ఒకాయన కుక్కపిల్లను తెచ్చినట్టు కోటు లోపల దాచి తెచ్చాడు.

ముందు గోటితో మీటుతాను.
సీసం కలిసిన స్ఫటికమైతే
మాట ముగిశాక కూడా మోగుతూనే ఉంటుంది.
మామూలు గాజైతే టక్కుమని ఊరుకుంటుంది.
తర్వాత బొడ్డు వెతుకుతాను.
ఊపిరి పోసి చేసినదాన్ని ఇనుప కడ్డీ నుంచి విరిచిన చోట
ఒక గరుకు మచ్చ.
అచ్చులో పోసినదానికి అది ఉండదు,
పక్కల వెంట కుట్లు ఉంటాయి.
దీపం ఆర్పి దీపం వెలిగిస్తే
యురేనియం కలిసిన గాజు
మంచం కింది పిల్లిలా పచ్చగా చూస్తుంది.

చివరికి అరుగుదల.
కాలం గీసే గీతలకు పద్ధతి ఉండదు,
ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి సగంలో మనసు మార్చుకుని.
అన్నీ ఒకే వరసలో, గుండ్రంగా ఉన్నాయా,
ఎవడో గరుకు కాగితం మీద పెట్టి తిప్పాడన్నమాట,
నిన్నటి గాజుకు నూరేళ్ళు అంటగట్టడానికి.
ఈ ఒక్క సూత్రంతో
ఎన్ని మొహాలు వాడిపోయేలా చేశానో లెక్క పెట్టలేదు.

మొన్న నవంబరులో డోరీన్ రేబోల్డ్ వచ్చింది.
టోపీ తడిసింది. చక్రాల సంచీలో
క్యాబేజీ కింద నుంచి తీసింది
జానెడు పూలకూజా,
లేత పచ్చ, అంచుకు చేరేసరికి తేనె రంగు.
మీటాను. మోగింది.
బొడ్డు ఉంది, నున్నగా సానబట్టి.
అడుగు చూశాను:
గ్రామఫోన్ రికార్డు.

గొంతు సవరించుకున్నాను. ఆ సవరింపు నాకు బాగా అలవాటు.
"దీన్నెవరో తిప్పారమ్మా."
"నేనే," అంది.

అంచున గోరంత పెచ్చు ఊడి ఉంది.
కార్ఖానాలో కొలిమి ఆర్పేసిన రోజు
లెన్ ఇంటికొచ్చి, తను చేసిన కూజాను తనే కడిగాడట,
ఎన్నడూ ఒక స్పూను కడగని మనిషి.
కుళాయికి తగిలింది.
అప్పటినుంచి పొయ్యి పైన పలకరాతి గట్టు మీద ఉంటోంది.
గేటు చప్పుడైతే పెచ్చును గోడవైపు తిప్పేది.
పాలవాడికి, పాదిరికి, ఆడపడుచుకు, మీటరు చూసేవాడికి.
వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తనవైపు.
"నా దగ్గర దానికి సిగ్గెందుకు?"
నలభై రెండేళ్ళు.

భూతద్దం మళ్ళీ పెట్టాను.
నిజమే. అవి వలయాలు కావు,
సగం వలయాలు. వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి వచ్చినవి.
మోసం చేసేవాడు వెనక్కి తిప్పడు, వాడికి తీరిక ఉండదు.
నేనెప్పుడూ అంతవరకు చూడలేదు.

ధర అడిగింది.
పెచ్చు లేకపోతే మూడు వందల పౌండ్లు,
ఉంది కనక అరవై.
"అంచు సాన పట్టిస్తే?"
రెండు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది, అన్నాను,
నాలాంటివాడు పట్టేస్తాడు.
"నీలాంటివాడు," అని నవ్వింది.
"రెండు ధరలూ కాగితం మీద రాయి. మూడు వందలు ముందు రాయి.
ఆ కుళాయి ఖరీదు రెండు వందల నలభై అని
లెన్‌కు చూపించాలి."

ఆరున్నర బస్సుకు వెళ్ళిపోయింది.
బల్ల మడిచాను, వెల్వెట్ దులిపాను.
ఆ కోటు ఆయన గుర్తొచ్చాడు, పేరు కూడా రాసుకోలేదు.
నకిలీ అన్నాక ఆయన ఏమీ అనలేదు,
బయట చెత్తడబ్బా పక్కన దాన్ని
మెల్లగా, నిలబెట్టి, వెళ్ళిపోయాడు.

అడుగు చూశాను.
అడగలేదు.