ఎవరి మోకాలు?

ఉపగ్రహం తీసిన ఫోటోలో
మా పేట ఉండాల్సిన చోట మబ్బు ఉంది.

తుఫాను వెళ్లిన తొమ్మిదో రోజు, బెయిరాలో,
కప్పు ఎగిరిపోయిన బడి గోడల నడుమ
ఖాళీ సిమెంటు సంచులు చించి
లోపలి వైపు పైకి తిప్పి పరిచాం.
నా చేతిలో యూనివర్సిటీ ఇచ్చిన ఫారం.
నలభై రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్కో గడి.

మొదట ఎవరూ బొగ్గు ముట్టుకోలేదు.
చివరికి ఒటీలియా అవ్వ లేచింది.
"ముందు నీళ్ల దారి. మన దారులు తర్వాత."
ఒకే గీత, వంకరగా, సముద్రం దాకా.
దానికి అటూ ఇటూ ఊరొచ్చి కూర్చుంది:
సీసా మూతలు ఇళ్లు,
తాళంచెవి మసీదు,
గవ్వలు బావులు,
బోర్లించిన గవ్వ ఉప్పుబారిన బావి.
కొట్టుకుపోయిన ఇళ్లకి ఏం పెట్టాలో తెలియక
మూత తీసేసి
దాని అడుగు తడి మచ్చని అలాగే వదిలేశారు.

నీళ్లు ఎంత లోతు వచ్చాయి?
ఫారంలో సెంటీమీటర్లు.
వాళ్ల నోట మోకాటి లోతు, మొలలోతు, పీకల్లోతు.
సరే, అదే రాద్దాం అన్నాను.

రొట్టెల కొట్టు దగ్గర మోకాటి లోతే అన్నాడు
చేపల పడవ జెఫెరినో,
ఏ గుమ్మం దాటినా తల వంచాల్సిన మనిషి.
"అబద్ధం!" గోడ మీంచి నెర్సియా.
తొమ్మిదేళ్ల పిల్ల. "అక్కడ నాకు మొల దాటింది."
నవ్వారు.
"ఎవరి మోకాలు?" అంది.
నవ్వు ఆగింది.
నా నలభై రెండు ప్రశ్నల్లో ఇది లేదు.

మధ్యాహ్నమంతా దీని మీదే తగువు.
ఆఖరికి ఆ పిల్లనే గోడకి ఆనించి నిలబెట్టి
మోకాలికి, మొలకి, పీకకి
మసిబొగ్గుతో మూడు గీతలు.
పటం మళ్లీ మొదటి నుంచి.
నీలం పాకింది, బడి వెనక్కి, రొట్టెల కొట్టులోకి.
పొడి నేలని చెప్పుకున్న తన వీధిని
జెఫెరినో తన చేత్తోనే ముంచాడు.

నాలుగో రోజుకి విరేచనాలు మొదలయ్యాయి.
జబ్బు ఉన్న ఇంటి మీద ఎర్ర దారం పెట్టమన్నాను.
లూసిందా ఒక మూత మీద అరచెయ్యి కప్పింది.
"పోయినసారి జాబితా రాశారు.
ముందు మందు కొట్టేవాళ్లు వచ్చారు.
తర్వాత ఇంటి ఓనరు వచ్చాడు."
చెయ్యి తీయలేదు.
నేను ఫారం మడిచాను.

ఎవరన్నారో గుర్తులేదు,
ఇల్లు వద్దు, ఇంటి బకెట్టు నడిచిన దారి గీద్దామని.
జబ్బు ఉన్నా లేకపోయినా అందరూ గీయాలి.
నూట పదహారు దారాలు.
కాసేపు పిల్లలాట లాగే ఉంది.
చీకటి పడేవేళకి
చాలా దారాలు ఉప్పు గోదాం వెనక
ఒకే గవ్వ చుట్టూ చిక్కుపడి ఉన్నాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒటీలియా అవ్వ వంగి
ఆ గవ్వని బోర్లించింది.

పటం ఫోటో నగరపాలక ఆఫీసుకి పంపాను.
స్కేలు ఎంత అని జవాబు వచ్చింది.
నెర్సియా అని రాశాను.
మళ్లీ ఉత్తరం రాలేదు.

ఈ ఏడు వానలకి ముందు బడికి వెళ్తే
కొత్త కప్పు, పాత గోడ, గోడ మీద మూడు గీతలు.
నెర్సియా నాలుగు వేళ్లు పొడుగైంది.
నన్ను చూసి పరిగెత్తుకెళ్లి
తమ్ముణ్ణి పట్టుకొచ్చి
గోడకి ఆనించింది.