కౌజుపిట్ట కన్ను

సంస్థ చరిత్ర రాయడానికి
కొత్త యజమానులు ఒక కుర్రవాణ్ణి పంపారు.
వాడికి కావలసింది అట్టపెట్టె మూత మీద పట్టేంత:
పుట్టిన ఏడు, రాజభవనాలు, పతకాలు.
నా దగ్గరున్నవి ఆవర్జాలు.
చిల్లుల అట్టల దొంతరలు,
వాటి అంచుల్లో ఎలుకల పంటిగాట్లు.

లియోన్‌లో, క్రువా-రూస్ గుట్ట మీద
ఇళ్ళకి పైకప్పులు బాగా ఎత్తు.
మనుషుల కోసం కాదు, మగ్గాల కోసం.
మగ్గం పక్కనే పొయ్యి, మగ్గం వెనకే పురుడు,
మగ్గం మీది అటక మీద పిల్లల నిద్ర.
బిస్తాన్‌క్లాక్, బిస్తాన్‌క్లాక్ -
ఆ చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేచేవారట.

ఆంతెల్మ్ వోర్జెల్ మొదట అమ్మింది
కింఖాబు కాదు, శవపేటికల లోపలి గుడ్డ.
కుర్రవాడు ఈ ముక్క రాసుకోలేదు.
ఆయన పోయాక పెరోన్ కూర్చుంది గల్లాపెట్టె ముందు.
ఆమె చెయ్యి పడ్డాక గుడ్డకి పూలొచ్చాయి,
పూలకి ధరొచ్చింది,
నేతగాడికి మాత్రం మూరకి పాత కూలే.

కూలి పెంచమని నేతగాళ్ళు గుట్ట దిగి వెళ్ళిన వారం
ఆవర్జాలో ఒకే ఒక్క వాక్యం:
"వాన. పని లేదు."
అదే వారం అద్దకంవాడి పుస్తకం తీశాను.
"ఎండ బ్రహ్మాండం. నూలు పూటలో ఆరింది."

ఇక నాలుగువందల పన్నెండో నమూనా.
ఒక నాటకశాల గోడలకి, తెరలకి, ఆరువందల గజాలు:
గోధుమ కంకుల మధ్య కౌజుపిట్టలు.
అట్టలో చిల్లున్నచోట పోగు లేస్తుంది,
లేనిచోట పడుకుంటుంది.
పనంతా ఇంతే. మిగతావి అమ్మేవాళ్ళ మాటలు.

ఎడమ నుంచి మూడో పిట్టకి కన్ను లేదు.
పదకొండు చిల్లులు పడలేదు, మూడు అట్టల్లో.
గుడ్డ గోడకెక్కి, దీపాలు వెలిగి,
ముందు వరసలో ఎవరో దొరసాని
విసనకర్రతో చూపించేదాకా ఎవరికీ తెలియదు.
మూరమూరకీ ఒక గుడ్డి పిట్ట.

అట్టలు కొట్టినవాడు ఫిలిబెర్ మొర్నా.
తాగి ఉన్నాడన్నారు. కసి తీర్చుకున్నాడన్నారు.
కూతురికి చూపు పోయిన నెల అన్నారు ఇంకొందరు.
నాకు ఏదీ నమ్మబుద్ధి కాదు.
దీపంలో నూనె అయిపోయి ఉండొచ్చు.
ఆవర్జా మాత్రం సందేహపడలేదు:
"మొర్నా. లోపం. పన్నెండు రోజుల కూలి కోత."

ఆ తర్వాతది కుర్రవాడికి నచ్చే కథ కాదు.
యుద్ధంలో పారాచూట్లు నేశాం,
యుద్ధమయ్యాక వాటినే పెళ్ళిగౌన్లుగా కుట్టాం.
నైలాన్ వచ్చింది. నలభై మగ్గాలు తూకానికి పోయాయి.
మూడుసార్లు చేతులు మారాం.
ఇప్పుడు ఐదు మగ్గాలు, అద్దం గోడ,
అవతల టికెట్టు కొన్నవాళ్ళు.

పోయిన చలికాలం నాటకశాల నుంచి ఉత్తరం.
పాత గుడ్డ చిమ్మెటల పాలైంది, మళ్ళీ నెయ్యాలి,
"యథాతథంగా, లోపంతో సహా."
కింద గీత కూడా గీశారు.
లోపానికి వేరే రుసుము ఇస్తారట,
చేత్తో చేసే పని కాబట్టి.

పాత అట్టలు చివికిపోయాయి. కొత్తవి నేనే కొట్టాలి.
మొదటి పిట్ట కన్ను: పదకొండు దెబ్బలు,
పదకొండు కాగితపు చుక్కలు ఒళ్ళో పడ్డాయి.
రెండో పిట్ట, మళ్ళీ పదకొండు.
మూడో పిట్ట దగ్గర చెయ్యి పైకెత్తి
కాసేపు అలాగే ఉంచాను.
ఇరవయ్యారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను,
కొట్టకుండా ఉండడానికి ఇంత బలం కావాలని తెలియదు.

సాయంత్రం బిల్లు రాశాను.
లోపం రుసుము పక్కన "ఎవరికి" అని ఒక గడి.
ఫిలిబెర్ మొర్నా, పన్నెండు రోజులు, అని నింపాను.

ఇవాళ పొద్దున లెక్కలవాళ్ళు ఫోన్ చేశారు,
ఈ మొర్నా గారి బ్యాంకు ఖాతా నంబరు
రాయడం మరిచిపోయానట.