జువ్వలదిన్నె రేవులో పంచనామా

వేట ఆపిన నలభై మూడో రాత్రి.
మోటారు ఆపేసి, తెడ్డేసుకుంటూ వస్తోంది పడవ.
మనిషికంటే ముందు వాసన దొరికింది:
కానాగంతలు, పచ్చి డీజిలు.

"దిగు జాలయ్యా."
దిగాడు. పారిపోలేదు.
మోకాటిలోతు నీళ్లలో నిలబడి
"మీరేనా మేడమా" అన్నాడు,
పిలవని పెళ్లిలో ఎదురుపడ్డట్టు.

వల ఒకటి. కన్ను కొలవబోతే
స్కేలు జారి నీళ్లలో పడింది.
తడిమి తీసిచ్చింది అతనే.
చేపలు రెండు తట్టలు.
వల మడతల్లో తాబేలు, బతికే ఉంది.
"నేను పట్టలా. అదే వచ్చింది" అంటూ
నేను రాసేలోపే రెండు చేతులా ఎత్తి
సముద్రానికి అప్పజెప్పాడు.
సాక్ష్యం ఈదుకుంటూ పోయింది.

నా ఫోను చచ్చింది.
టార్చి అతనే పట్టుకున్నాడు
తన మీద రాసే కేసు నాకు కనపడేట్టు.
వంగి చూసి,
"కుమారి కాదు మేడమా, కొమారి.
మా ఇంటిపేరు."
కొట్టేసి మళ్లీ రాశాను.

తెల్లారి వేలం. రేవంతా వచ్చింది.
ఐదొందలన్నాను. మూడొందలు. నూట యాభై.
ఒక్కరూ నోరు మెదపలేదు.
కాకులు మాత్రం పాడాయి.
ఐసు కరిగి నా చెప్పుల కిందికి కారుతుంటే
అతని భార్య ముందుకొచ్చి,
మొగుడు పట్టిన చేపల్ని
సర్కారు దగ్గర నూటపదికి కొనుక్కుంది.

"రసీదు?" అని చెయ్యి చాపింది.
రాసిచ్చాను.

ఆమె ఇచ్చిన పది నోటుకి
ఒక పొలుసు అంటుకుని ఉంది.
గోటితో గీకబోయి ఆగాను.
ట్రెజరీలో అట్లాగే కట్టాను.