ముక్క దొరకలేదన్నాను

ఇనుము పని గోడ దాకానే.
దెబ్బకి దెబ్బకి బండ గొంతు మారి
లోపల బోలుగా పలికిందంటే
ఉలి పక్కన పడేయాలి.
అక్కణ్ణించి తుమ్మపుల్ల, వేళ్ళు, ఓపిక.

ఎరోంగో కొండ మీద నాలుగో వారం.
మోసుకొచ్చిన నీళ్ళు సగం బబూన్లు ఒలకబోశాయి.
తొర్ర నిండా ఎర్రమట్టి.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
చూపులేని తాత మనవరాలి మొహం తడిమినట్టు
తడిమాను.
ఒక పలక తగిలింది.
దాని పక్కన ఇంకోటి. నున్నగా, చల్లగా.
వేలు తిప్పుతూ లెక్కపెట్టాను.
ఆరు.
నోట్లో తడి ఆరింది.

సరిగ్గా అప్పుడే కింద నుంచి మా బావమరిది ఎర్వీన్
"గోత్‌హార్డ్! నీళ్ళొచ్చాయ్!"
తల తిప్పానంతే.
పుల్ల జారింది.
పేను కుక్కినంత చప్పుడు.

బయటికి తీసి ఉమ్మితో తుడిచాను.
పదమూడు కోట్ల ఏళ్ళు మట్టిలో నిలబడ్డది
నా నోటి ఎంగిలికి మెరిసింది.
నల్ల టూర్మలీన్ గుత్తిలోంచి లేచిన
వేలెడు ఆక్వామెరీన్.
వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు.
పైన, కొసలో, ఒక మూల
బియ్యపుగింజంత వెలితి.

ఉసాకోస్ రోడ్డు పక్కన నా దుకాణం:
రెండు డ్రమ్ములు, వాటి మీద పాత తలుపు.
లూడెకే దొర ఏటా ఆగస్టులో వస్తాడు
మెళ్ళో భూతద్దం వేలాడేసుకుని.
అందరూ రంగు చూస్తారు.
అతను ముందు కొస చూస్తాడు.
"దెబ్బ" అన్నాడు.
ఆ ఒక్క మాటకి
నేను మనసులో కొనేసిన పికప్ బండి
రెండు టైర్లయి కూచుంది.

"ముక్క ఉందా?
మ్యూనిక్‌లో ఓ ముసలాయన అతికిస్తాడు,
దేవుడు వెతికినా అతుకు దొరకదు.
ఉంటే చెప్పు, రెట్టింపు ఇస్తా."

దొరకలేదన్నాను.

ముక్క నా చొక్కా జేబులో,
ముక్కుపొడుం డబ్బాలో ఉంది.
అతనికీ దానికీ మధ్య
ఒక తలుపు వెడల్పు.

ఎందుకలా అన్నావని ఇంట్లో అల్బర్టీనా.
"రెండు నెలల మొక్కజొన్న పిండి" అంది.
ఆమె లెక్క తప్పని నేననను.
నా దగ్గర వేరే లెక్కేమీ లేదు కూడా.
ఆ రాత్రి గిన్నెలు గట్టిగా తోమింది.

ఇప్పుడది ఏ చలిదేశంలోనో
గాజు బీరువాలో, కింద దీపం పెట్టుకుని ఉంటుంది.
చీటీ మీద రాసుంటారు:
ఆక్వామెరీన్. ఎరోంగో, నమీబియా.
ఇంకా చిన్న అక్షరాల్లో
కొసన స్వల్ప లోపం.
తవ్వినవాడి పేరు రాసే అలవాటు లేదు వాళ్ళకి.
ఆ చివరి మాట మటుకు
నాదే.

పొడుం కోసం వేలు పెడితే అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది.
మొన్న అల్బర్టీనా డబ్బా బోర్లించి దులిపింది.
పారేస్తుందేమోనని
గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.
కొత్త పొడుం పోసింది.
గింజని కొంగుతో తుడిచి
మళ్ళీ అందులోనే వేసి
మూత నొక్కింది.