జానెడు గోడ

అసెంబ్లీలో బిల్లు పెట్టారంట.
సముద్రానికి సరిహద్దు బిల్లు.
పై రాష్ట్రం బోట్లు ఇన్ని మైళ్ళ లోపలికొస్తే ఇంత జరిమానా,
ఇన్ని నెలలు జైలు,
ఒడ్డున కాపలాకి కొత్త పడవలు, కొత్త టోపీలు.

వల షెడ్డులో టీవీ చూస్తా
మా మరిది మస్తానయ్య తొడ చరిచాడు:
"మావోళ్ళు గనక పెట్టారు."
నా కొడుకు పెంచలబాబు కండె కింద పడేసి లేచాడు:
"మీవోళ్ళు అయిదేళ్ళు నిద్రపోబట్టే గదా వాళ్ళొచ్చింది!"
ఒకే వలకి రెండు కొసలు పట్టుకోనుండారు ఇద్దరూ.
చిరుగు మధ్యలో ఉంది.

ఆ చిరుగు నాది.
మొన్న మాఘంలో సోనాబోటొకటి
అర్ధరాత్రి దీపాల్లేకుండా మా వల మీదగా పోయింది.
డెబ్బై రెండు వేలు.
పొదుపు సంఘంలో ఇంకా కడతానే ఉండా.
కాబట్టి చట్టం వద్దని నేననను.
రొంత గట్టిగానే రాయండి సామీ అంటా.

బిల్లు ఇంకా టీవీలో ఉండగానే
తుమ్మలపెంటకి దక్షిణాన, మా పాలెం ఒడ్డుకి
ఇంజన్ చచ్చిన బోటొకటి కొట్టుకొచ్చింది.
ఏడుగురు.
పిలకాయలు తాళ్ళేసి లాగి, గొలుసు బిగించి,
వాళ్ళని వేలంపాట దిమ్మ మీద కూర్చోబెట్టారు.
చేపల్ని పోసే చోట.

ఇంక చూడాలి.
మస్తానయ్య పోలీసులకి ఫోను, ఎమ్మెల్యే పీయేకి ఫోను.
పెంచలబాబు విలేకరికి ఫోను.
"మేం పట్టుకున్నాం" అని ఒకరు,
"మీ చేతగానితనాన్ని పట్టించాం" అని ఒకరు,
ఫోటోలో ఎవురు ముందుండాలని తోపులాట.
ఊరి కాపులు దురాయి వేస్తే తప్ప నోళ్ళు మూతపడలా.
ఏడుగురూ ఎండలో అట్టానే ఉండారు,
ఎవురి వైపు చూస్తే ఎవురికి కోపమొస్తుందో తెలీక
కాళ్ళ వేళ్ళు చూసుకుంటా.

అందర్లోకీ ముసలాయన
గొంతు పెగలక ఒక మాటన్నాడు: "తణ్ణి."

మా అవ్వ నీళ్ళని ఆ మాటతోనే అడిగేది.
బడికి పోయినాక మేం మానేశాం,
కావలి బజార్లో నవ్వుతారని.
పోయే రోజు గూడా అవ్వ అదే అడిగింది.
నా చేతిలో చెంబు నన్నడక్కుండానే లేచింది.

తాగినాక అడిగా, అవ్వ మాటల్లో, తప్పులు తడకలుగా,
యా ఊరు నీది?
నాగూరు పక్కన, అన్నాడు.
నేను నవ్వలా, ఏడవలా.
నా పేరు నాగూరమ్మ.
బిడ్డలు నిలవక మా అమ్మ మొక్కిన మొక్కు అది.
ఆ దర్గా యాడుందో ఇంతవరకూ నేను చూళ్ళా.

నేను కరిగిపోయాననుకుంటారేమో.
లేదు.
అదే భాషలో, అదే నోటితో
నా డెబ్బై రెండు వేలూ అడిగా.
తన బోటు కాదన్నాడు.
ఏ బోటయితే ఏంది, మీ బోటే గదా, అన్నా.
అనేసినాక నాకే ఎట్టనో అయింది,
షెడ్డులో టీవీ నా గొంతులోంచి పలికినట్టు.

ముసలాయన చాలాసేపు లెక్కేసుకున్నాడు.
మూడు వేలిచ్చాడు, తడి నోట్లు.
మిగతాది ఎవురి పనో కనుక్కుంటానని
బొగ్గు ముక్కతో మా ఇంటి గోడ మీద
ఫోను నంబరు రాశాడు, కింద పేరు.
అంకెలు చదివా. పేరు చదవలేకపోయా.
ఆ మాట నా నాలిక మీదుంది,
ఆ అక్షరం నా కంటికి రాదు.

మూడో రోజు బోటు పోయింది.
ఎవురు వదిలారనేదాని మీద ఇంకో తగువు.
బిల్లు కమిటీకి పోయిందంట,
రెండు జెండాల కిందా టపాకాయలు కాల్చారు.
ఎందుకని అడిగితే ఇద్దరూ ఒకటే చెప్పారు:
"వాళ్ళు ఓడిపోయారు."

ఇంతవరకూ ఫోను రాలా. నేనూ చెయ్యలా.

ఇయ్యాళ సున్నం డబ్బాలతో వచ్చారు, గోడకి గుర్తులెయ్యను.
మస్తానయ్య ఎడం పక్క, నా కొడుకు కుడి పక్క.
మధ్యలో గీతకి టేపు పట్టి కొలుస్తుండారు.
నేను చీపురు పట్టుకోని
ఆ బొగ్గు అంకెల ముందు నిలబడుండా.
గీసుకోండయ్యా, ఎట్టన్నా గీసుకోండి,
ఈ జానెడు వదిలేసి.